మూడో సీనులో గోడ

"రెండో కోటు కూడా అయింది. తాకి చూడు బుజ్జీ, చేతికంటదు," అన్నాడు నాన్న స్టూలు మీదినించి దిగుతూ.

నేను తాకలేదు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను.

నిన్న పొద్దున కాలేజీకి వెళ్ళేటప్పుడు ముందుగదిలో ఆ గోడ ఎప్పటిలాగే ఉంది. కప్పు నించి వంటగది గుమ్మం దాకా దిగిన చెమ్మ మరక, పెచ్చులూడిన చోట తొంగిచూసే పాత నీలం. రాత్రి స్నేహితురాలి గదిలో షాట్ల పట్టిక రాసుకుంటూ అక్కడే ఉండిపోయి, ఇప్పుడే ఇంటికొచ్చాను. మరక లేదు. గోడంతా లేత పసుపు. రంగు పడుతుందని అలమరలో ఫొటోలన్నీ తీసి లోపల పెట్టేశారు. కప్పు అంచున సన్నగా ఒక తెల్ల గీత, స్కేలు పెట్టి గీసినట్టు.

"ఏం, బాలేదా?"

"బాగుంది నాన్నా."

"బాగుందనే మొహం అలా ఉండదు," అంది అత్త వంటగదిలోంచి. నాన్నకి అక్క ఆవిడ. పదేళ్ళుగా మాతోనే ఉంటోంది. "నిన్న మధ్యాహ్నం నించి గుమ్మానికడ్డంగా నిచ్చెన. మీ అమ్మ పొద్దున్నే ఆస్పత్రి డ్యూటీకి దాని కిందనించి దూరి వెళ్ళింది. నా వల్ల కాదు కాబట్టి లోపలే ఖైదు."

"ఒక్క రోజు ఓర్చుకోలేవా అక్కా?"

"ఓర్చుకోకేం. పదేళ్ళనించి నేనడుగుతుంటే గోడ తడిగా ఉందన్నావు. కూతురు నోరు తెరిచి అడక్కముందే ఆరిపోయింది."

నాన్న నవ్వాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించాడు.

"ఇప్పుడూ ఆరలేదు. పైవాటావాళ్ళు ఆ నీళ్ళ గొట్టం బాగుచేయించేదాకా ఆరదు. తడిగోడకి రంగు వెయ్యకూడదు. ఈ ముప్ఫై ఏళ్ళలో ఎవరింట్లోనూ వెయ్యలేదు, ఎంత బతిమాలినా. నెల తిరక్కుండా బుడగలు లేస్తాయి. లేవనీ. నీ షూటింగు రెండ్రోజులూ నిలిస్తే చాలు. అంతమంది వస్తుంటే ఆ గోడ చూపిస్తామా?"

ఆ గోడ కోసమే అంతమంది వస్తున్నారు.

మాది పదిహేను నిమిషాల సినిమా. రెండేళ్ళ చదువుకి అదే ఆఖరి పరీక్ష. కెమెరా గదివాళ్ళు మాకిచ్చేది రేపూ ఎల్లుండీ, రెండే రోజులు. మా వెనక పన్నెండు బృందాలు వరసలో ఉన్నాయి. మూడో సీను మొత్తం ఆ గోడ ముందే జరుగుతుంది. గోడ ఫొటోలు అంటించిన ఫైలు మీదే మాస్టార్లు సంతకాలు పెట్టారు. ఒప్పుకున్న చోటు మారిందంటే మళ్ళీ ఫైలు, మళ్ళీ వరస. ఈ ఏడు నాకు సినిమా లేదు, సర్టిఫికెట్టూ లేదు.

"నాన్నా, ఆ మరక కావాలి."

"ఏం కావాలి?"

"పాత మరక. సినిమాలో గోడ అలాగే ఉండాలి."

నాన్న భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే తుడుచుకున్న చేతులే.

"నాకు తెలీక వేసేశాను. నువ్వు చెప్పలేదు కదమ్మా."

"చెప్పలేదు."

"సినిమాకి మరకెందుకు?"

"కథలో ఉంది. చెమ్మ పట్టిన ఇల్లు."

"ఎవరిల్లు?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. అత్త కూడా వింటోంది. నేను సంచీ పట్టీ సర్దుకున్నాను. ఇంకోసారి సర్దుకున్నాను. ఇంతలో ఫోను మోగింది.

పిచ్చుక. మా బృందంలో గదులూ సామాన్లూ అలంకరించే పని ఆ అమ్మాయిది. ఒకచోట కూర్చోలేదని క్లాసంతా ఆ పేరు పెట్టాం.

"సందు మొదట్లో ఉన్నామే డైరెక్టరమ్మా. సామాన్లు దించి పోదామని ఈ రోజే వచ్చేశాం. ఇంటివాళ్ళున్నారా?"

*

ఇంటివాళ్ళు. ఆ మాట నేను నేర్పిందే.

నెల కింద క్లాసులో కథ చదివాను. ఊరందరి గోడలకీ రంగులేసే మనిషి, రంగు లేని తన ఇల్లు, ఆ ఇంట్లో ఒక కూతురు. చదవడం అయిపోగానే లెన్స్ బల్ల మీద కొట్టాడు. లెన్స్ అంటే మా కెమెరా కుర్రాడు. దేన్ని చూసినా నాలుగు వేళ్ళు చట్రంలా పెట్టి అందులోంచే చూస్తాడు. "ఐడియా అదిరింది. నీకెలా తట్టిందే?" అన్నాడు.

"ఎక్కడో చూశాను," అన్నాను.

అలాంటి ఇంటి కోసం వారం తిరిగాం. ఏదీ కుదరలేదు. అప్పుడు, తెలిసినవాళ్ళిల్లు ఒకటుందని చెప్పాను. అమ్మా నాన్నా పనికెళ్ళి, అత్త కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు చూసి వాళ్ళని తీసుకొచ్చాను. తీసుకొచ్చే ముందు అలమరలో ఉన్న ఫొటోలన్నీ తీశాను. అమ్మానాన్నల పెళ్ళి ఫొటో, నల్ల గౌనులో నా డిగ్రీ ఫొటో. దుప్పట్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. సాయంత్రం మళ్ళీ ఎక్కడివక్కడ సర్దేశాను.

ఆ రోజు పిచ్చుక గది మధ్యలో నిలబడి చుట్టూ చూసి, "ఇందులో మనుషులెలా ఉంటారే?" అంది. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగింది.

"అలవాటై ఉంటుంది," అన్నాను.

నాకు అన్నం పెట్టి చదివించిన గది గురించి నేను చెప్పిన మాట అది. తర్వాత నాలుగైదు రోజులు నాన్న కంచం ముందు కూర్చుంటే నేను లేచి వేరే పని చూసుకునేదాన్ని.

రెండ్రోజులూ ఇంట్లో ఎవరూ ఉండకుండా చూసుకున్నాననే అనుకున్నాను. అమ్మకి డ్యూటీ, నాన్నకి పని, అత్తకి స్నేహితురాలింట్లో మకాం. నాన్న సెలవు పెడతాడని నేననుకోలేదు. నా సినిమా కోసం ఆయన పని మానేస్తాడన్న ఊహే నాకు రాలేదు.

*

తలుపు తీసే ఉంది. పిచ్చుక రెండు సంచులు మోసుకుంటూ లోపలికొచ్చి, గోడ చూసి, సంచులు కింద పడేసింది.

"ఇదేంటే?"

వెనకే వచ్చిన లెన్స్ వేళ్ళు చట్రంలా పెట్టి చూసి, మెల్లగా దించేశాడు. "పోయింది. మన సీను పోయింది."

"ఇంటివాళ్ళకి చెప్పలేదా నువ్వు?" పిచ్చుక నా మీద పడింది. "గోడ ముట్టుకోవద్దని చెప్పమన్నాను కదా. ఒకటికి రెండుసార్లు చెప్పమన్నాను."

నాన్న నాకేసి చూశాడు. ఇంటివాళ్ళు అన్న మాట దగ్గర ఆయన కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. పెదవుల మీద అప్పటికే నవ్వు ఉంది, కూతురి స్నేహితులకి రండి కూర్చోండి అని చెప్పడానికి సిద్ధంగా పెట్టుకున్న నవ్వు. ఆయన నా మొహంలో ఏం చదివాడో నాకు తెలుసు. పరీక్ష పోయిన రోజు కూడా నేను చెప్పకముందే చదివాడు.

నోరు తెరవాల్సింది అప్పుడు. తెరవలేదు.

"నాకేం తెలీదమ్మా," అన్నాడు నాన్న, పిచ్చుకతో. "వెయ్యాలన్నారు, వేశాను. నేను పెయింటర్ని."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అత్త పదేళ్ళుగా వెయ్యమంటూనే ఉంది.

"మీ తప్పేముంది బాబాయ్," అన్నాడు లెన్స్. "ఇంటివాళ్ళేరీ?"

అత్త గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలోకొచ్చింది. నాన్న చెయ్యి అటు చూపించాడు. "అమ్మగారు అదిగో."

అత్త తమ్ముణ్ణి చూసింది. నన్ను చూసింది. నాన్న గుడ్డతో డబ్బా మూతి తుడుస్తూ తల కొంచెం అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు. అత్త గరిటె కిందికి దించింది.

"నమస్తే ఆంటీ," అంది పిచ్చుక. "గోడ చాలా బాగుంది. కానీ మాకు పాతదే కావాలి. మళ్ళీ పాడుచేసుకోవచ్చా? షూటింగు అయిపోయాక మళ్ళీ వేయించేస్తాం."

"నన్నడుగుతావేమ్మా," అంది అత్త. "మీ డైరెక్టరమ్మనే అడుగు. పాడుచెయ్యడం ఆ పిల్లకి బాగా తెలుసేమో."

పిచ్చుక నవ్వింది, పెద్దావిడ సరదా మనిషి అనుకుని.

*

సంచిలోంచి సామాను బైటికొచ్చింది. మరగకాచిన టీ డికాక్షన్ సీసా, మసిపొడి, స్పాంజి ముక్కలు, గరుకు కాగితం. పిచ్చుక స్టూలెక్కి కొత్త పసుపు మీద డికాక్షన్ అద్దడం మొదలుపెట్టింది. పది నిమిషాలకి గోడ మీద తలకాయంత గోధుమరంగు మచ్చ వచ్చింది. టీ ఒలికినట్టే ఉంది.

నాన్న ఒక మూల నిలబడి చూస్తున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళిపోవాలని కోరుకున్నాను కూడా. కానీ తప్పుగా జరుగుతున్న పనిని చూస్తూ ఊరుకోవడం ఆయనకి చేతకాదు.

"అలా కాదమ్మా," అన్నాడు చివరికి. "చెమ్మ మధ్యలో పుట్టదు. పైనించి దిగుతుంది. లోపల లేతగా ఉండి అంచు ముదురుతుంది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో అక్కడ గీతలా మిగులుతుంది. ఏటికో గీత."

"మీరు వేసిపెడతారా బాబాయ్?"

"ఎంత మరక కావాలి?"

లెన్స్ ఫోన్లో ఆ రోజు తీసిన ఫొటోలు చూపించాడు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. గోడ, కప్పు, కిటికీ. తర్వాత అలమర. ఖాళీ అరలు, ధూళిలో ఫొటోల పటాలు ఆన్చిన గుర్తులు. అక్కడ ఆయన వేలు ఆగింది. చాలాసేపేం కాదు. తర్వాతి ఫొటోకి జరిపాడు.

"సరే," అన్నాడు. "కొంచెం పెద్దది చేసి చూపించు బాబూ, ఈ పెచ్చులూడిన చోటు."

పొద్దున రెండో కోటు వేసిన మనిషి గరుకు కాగితం తీసుకుని దాన్ని గీకడం మొదలుపెట్టాడు. పసుపు పొడి ఆయన ముంజేతుల మీద పడింది. పెచ్చు ఎక్కడ లేవాలో అక్కడే లేపాడు. స్పాంజిని నీళ్ళలో పిండి, డికాక్షన్లో ముంచి, కప్పు దగ్గర అద్ది వదిలేశాడు. డికాక్షన్ తనంతట తానే దిగింది. ఎక్కడ ఆపాలో అక్కడ పొడిగుడ్డతో ఆపాడు. ఒక గీత. ఆరనిచ్చి దాని కింద ఇంకో గీత. పిచ్చుక నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇంత బాగా ఎలా వచ్చు బాబాయ్?"

"జన్మంతా ఇవి పోగొట్టే పనేగా. ఎలా ఉంటాయో తెలీకపోతే ఎలా?"

అత్త టీ తెచ్చింది. ముగ్గురికీ గ్లాసులు ఇచ్చి, నాలుగోది నాన్న ముందు పెట్టింది.

"ఏమయ్యా పెయింటరూ, నీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే కూతురమ్మగారూ."

"చదివించావా?"

"చదివిందండీ. మా ఇళ్ళల్లో ఎవరూ చదవనంత."

"నిన్ను బాగా చూసుకుంటుందా?"

"దాని పనిలో అది ఉందండీ," అన్నాడు నాన్న. "పెద్ద పని. తీరికుండదు."

నా టీ గ్లాసు కింద పెట్టేశాను. అత్త నన్ను చూడలేదు. గుమ్మానికి ఆనుకుని అక్కడే నిలబడింది.

"మీకో సంగతి చెప్పనా బాబాయ్?" లెన్స్ హుషారుగా స్టూలు దగ్గరికి జరిగాడు. "మా సినిమా హీరో కూడా పెయింటరే. రాసింది మా డైరెక్టరే."

డైరెక్టర్ అనగానే నాన్న చెయ్యి ఆగింది. తల తిప్పి నన్ను చూశాడు. ఆయన కళ్ళల్లో ఒక్క క్షణం పొద్దుటి నవ్వు కనిపించింది. అంత జరిగాక కూడా.

"అలాగా. ఏం కథ?"

"లెన్స్, పని చేసుకోనీ ఆయన్ని," అన్నాను.

"చెప్పనీయవే. ఊరందరి గోడలకీ రంగులేస్తాడు బాబాయ్. సొంతింటి గోడ మాత్రం ఇదిగో, ఇలా ఉంటుంది. ఏళ్ళతరబడి ముట్టుకోడు. కూతురికి సిగ్గు. స్నేహితుల్ని ఇంటికి పిలవలేదు."

"ఎందుకు ముట్టుకోడట?"

నేను కళ్ళు మూసుకున్నాను. మాస్టారు కూడా ఇదే అడిగారు. ఎందుకు వెయ్యడు, కారణం లేకపోతే కథ నిలవదు అన్నారు. తడిగోడకి రంగు వెయ్యకూడదన్న సంగతి నాకు చిన్నప్పటినించీ తెలుసు. అది రాస్తే చప్పగా ఉంటుందనిపించింది. క్లాసులో అందరూ నమ్మే కారణం ఒకటి రాశాను.

"తాగుతాడు బాబాయ్," అన్నాడు లెన్స్. "వచ్చిందంతా తాగేస్తాడు. ఇంటి గురించి పట్టదు."

పిచ్చుక గిన్నెలో మసి కలుపుతోంది. నాన్న స్పాంజిని మళ్ళీ నీళ్ళలో ముంచి, నిదానంగా పిండాడు. ఆయన జీవితంలో సీసా ముట్టుకోలేదు. రంగు వాసనకే తల తిరుగుతుంది, ఇంక అదెందుకు అనేవాడు.

"తాగుతాడన్నమాట," అన్నాడు.

"అవును. చివర్లో కూతురే బ్రష్షు పట్టుకుంటుంది."

"అలా అయితే ఒకటి చూసుకోండి బాబూ. తాగేవాడు నిచ్చెన మీద నిలబడలేడు, చెయ్యి ఒణుకుతుంది. గీత తిన్నగా రాదు. పనివాళ్ళు చూస్తే ఇట్టే పట్టేస్తారు. ఆ వేషం వేసేవాడికి చెప్పండి, మరీ తిన్నగా గీయొద్దని."

"ఇది రాసుకోవే," అన్నాడు లెన్స్ నాతో. "ఎంత మంచి పాయింటో చూడు."

పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. పెన్ను కూడా ఉంది. రాసుకుంటే రేపు కెమెరా వస్తుంది, సీను జరుగుతుంది, సంతకాలు పెట్టిన ఫైలు ఫైలులాగే ఉంటుంది. ఆయన చేతుల్లో పాడైన గోడ ముందు ఎవడో ఒక కుర్రాడు తాగినట్టు తూలుతాడు. రాత్రికి ఇదే ఇంట్లో నేను ఆయన పక్కన కూర్చుని అన్నం తినాలి.

పుస్తకం మూసేశాను.

"ఆయన తాగడు," అన్నాను.

"కథలో తాగుతాడుగా."

"కథలో కూడా తాగడు. నేను కల్పించి రాశాను." లేచి నిలబడ్డాను. నిలబడటానికి గోడ పట్టుకున్నాను, చేతికి తడి డికాక్షన్ అంటింది. "ఆయన మా నాన్న. ఇది మా ఇల్లు. ఆవిడ మా అత్త. నేను పుట్టింది ఈ గదిలోనే. తెలిసినవాళ్ళిల్లని మీతో అబద్ధం చెప్పాను."

పిచ్చుక చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. లెన్స్ ముందు నన్ను, తర్వాత స్టూలు మీది మనిషిని చూశాడు. నవ్వాలో వద్దో తెలీని మొహం.

నాన్న ఇటు తిరగలేదు. మూడో గీత అంచు ఆరిపోకముందే అద్దాలి, అదే చూసుకుంటున్నాడు.

"ఊరుకోండమ్మా," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు. "ఆ పాప మనసు మంచిది. పనివాళ్ళని కూడా సొంతమనుషుల్లా చూస్తుంది. పొద్దుటినించి చూస్తున్నానుగా. అంతకుమించి ఏం లేదు."

"నాన్నా."

"నాకున్న కూతురు వేరమ్మా. ఇంట్లో ఏం జరిగినా నాతో చెప్పేది."

అత్త వైపు చూశాను. ఆవిడ ఒక్క మాటంటే చాలు. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది, కొంగుతో మూతి అదిమిపట్టుకుని. తమ్ముడి మాట దాటి ఆవిడ ఏదీ అనదని నాకప్పుడే అర్థమైంది.

"ఏంటే ఇది?" పిచ్చుక నా దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. "రిహార్సలా?"

జవాబు చెప్పబోయాను. ఈలోగా నాన్న స్టూలు మీదినించి చెయ్యి కిందికి చాచాడు. పసుపుపొడి, మసి, డికాక్షన్ కలిసిన చెయ్యి. నేను ఏడో ఎనిమిదో ఏట ఒకసారి ఆయన పనిచేసే ఇంటికి మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్ళాను. ఆ ఇంటి పిల్ల అడ్డంగా నిలబడితే, పక్కకి జరగమని ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ పిల్లది నా ఈడే. మళ్ళీ ఆ గొంతు నేను వినలేదు, ఇవాళ్టిదాకా.

"అమ్మాయిగారూ," అన్నాడు, "ఆ నీళ్ళ బకెట్ కొంచెం ఇలా అందిస్తారా?"